‘మీరు ఏ పార్టీ?’ అని అడిగితే బల్ల దగ్గర మాట ఆగిపోయింది

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర ఒక పల్లెటూరు. పెళ్లయ్యాక పదేళ్లు అమెరికాలో, నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉన్నాం. మావారి ఉద్యోగం మారడంతో నిరుడు ఇంగ్లండ్‌లోని రీడింగ్‌కి వచ్చేశాం. నాకూ ఇక్కడ ఒక ఆఫీసులో పని దొరికింది. షార్లెట్‌లో ఎన్నికలు వచ్చాయంటే ఎవరు ఎటువైపో వాళ్ల ఇంటి ముందు గడ్డిలో పాతిన బోర్డే చెప్పేది. మా వీధిలో రెండు కుటుంబాలు ఆ బోర్డుల గురించే మాటలు మానేశాయి. మా పల్లెలో అయితే బోర్డు కూడా అక్కర్లేదు, ఇల్లు ఏ బజారులో ఉందో చెబితే చాలు. ఆ అలవాటులోనే మొన్న లంచ్ దగ్గర, నాతో చాలా బాగా ఉండే ఒకావిడని ‘మీరు లేబరా, కన్జర్వేటివా?’ అని అడిగాను. బల్ల చుట్టూ ఉన్న ఆరుగురూ ఒక్కసారిగా ప్లేట్లలోకి చూసుకున్నారు. ఆవిడ నవ్వేసి ‘అందరూ ఒకటేలెండి, ఎవరూ పనికిరారు’ అని వాన గురించి ఎత్తుకుంది. నేనేం తప్పు మాట్లాడానో తెలియక అప్పటినుంచీ టెన్షన్‌గా ఉంది.

న్యూజెర్సీలో ఉండే మా బావగారేమో ‘లేబర్ అంటే డెమొక్రాట్లు, కన్జర్వేటివ్ అంటే రిపబ్లికన్లు, పేర్లే తేడా’ అంటారు. 2024 జూలైలో బ్రిటన్ ఫలితాల మ్యాప్ ఎర్రగా కనబడగానే ‘చూశారా, అక్కడ రెడ్ వేవ్’ అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. ఇంకో సంగతి: ఇక్కడి స్థానిక ప్రభుత్వం, అంటే కౌన్సిల్ నుంచి ఓటర్ల నమోదు ఫారం వచ్చింది. మావి ఇండియా పాస్‌పోర్టులే. అమెరికాలో ఇలాంటి కాగితం ముట్టుకోవద్దని లాయరు గట్టిగా చెప్పారు కాబట్టి పక్కన పడేశాను. నేను చేసింది సరైనదేనా?
– రీడింగ్ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: ముందు ఆ ఫారం సంగతి చూద్దాం. దానికి గడువు ఉంటుంది. లంచ్ బల్ల దగ్గర జరిగినదానికి లేదు.

పక్కన పడేసిన ఫారాన్ని వెతికి తీయండి. బ్రిటన్‌లో చట్టప్రకారం నివసిస్తున్న కామన్వెల్త్ దేశాల పౌరులందరికీ ఓటు హక్కు ఉంది. ఇండియా కామన్వెల్త్ దేశమే. కౌన్సిల్ ఎన్నికల్లోనే కాదు, పార్లమెంటు ఎన్నికల్లో కూడా మీరు ఓటు వేయవచ్చు. దానికి బ్రిటిష్ పౌరసత్వం అక్కర్లేదు. మీ ఆఫీసులో ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్న ఫ్రాన్స్ పౌరుడు ఎవరైనా ఉంటే, ఆయనకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు. నిరుడు దిగిన మీకు ఉంది. వినడానికి విడ్డూరంగానే ఉంటుంది, పాత సామ్రాజ్యం వదిలిపెట్టిన లెక్కల్లో ఇదొకటి. పైగా ఇది మీ ఇష్టాయిష్టాల సంగతి కూడా కాదు. నమోదు చేసుకోమని కౌన్సిల్ అడిగినప్పుడు బదులివ్వకపోతే 80 పౌండ్ల జరిమానా వేయవచ్చు. ఓటు వేయడం, మానడం మాత్రం మీ ఇష్టం. రేపు ఇల్లు కొనడానికి అప్పు కోసం వెళ్లినా, బ్యాంకు మీ చిరునామా నిజమేనా అని చూసే చోట్లలో ఓటర్ల జాబితా ఒకటి.

అలాగని అమెరికాలో మీ లాయరు చెప్పినది తప్పు కాదు. అక్కడ అధ్యక్షుడికీ కాంగ్రెస్‌కీ జరిగే ఎన్నికల్లో పౌరులు కాని వాళ్లు ఓటేస్తే ఫెడరల్ నేరం. గ్రీన్ కార్డు ఉన్నా అంతే. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో పొరపాటున ఒక గడిలో టిక్ పెట్టి, తర్వాత పౌరసత్వం దరఖాస్తు దగ్గర చిక్కుల్లో పడినవాళ్లు ఉన్నారు. కాబట్టి మీ భయం అక్కడికి సరిపోయింది. దాన్ని ఇక్కడికి మోసుకురావడమే అనవసరం.

ఇప్పుడు ఆ ఫారాన్ని ఒకసారి పైనుంచి కిందకి చదవండి. పేరు, చిరునామా, పుట్టిన తేదీ, జాతీయత అన్నీ అడుగుతారు. పార్టీ అడగరు. అసలు ఆ గడే ఉండదు. మీ లంచ్ బల్ల దగ్గరి మౌనానికి జవాబు చాలావరకు ఈ లేని గడిలోనే ఉందని నేననుకుంటాను.

మీరు పదేళ్లున్న నార్త్ కరోలినాలో ఆ గడి ఉంటుంది. ఓటరుగా నమోదయ్యేటప్పుడే డెమొక్రాటా, రిపబ్లికనా, ఏ పార్టీకీ చెందనివారా అని రాయాలి. అలా రాసింది దాచిపెట్టే సమాచారం కూడా కాదు. పేరు కొడితే ఫలానా ఆయన ఏ పార్టీ కింద నమోదయ్యారో ఎవరైనా చూసుకోవచ్చు. సుమారు ముప్పై రాష్ట్రాల్లో ఇలా పార్టీ పేరుతో నమోదు ఉంటుంది. (మీ బావగారి న్యూజెర్సీలో ఉంది. టెక్సస్‌లో లేదు.) ఎందుకంటే అక్కడ పార్టీ అభ్యర్థిని పార్టీ ఆఫీసు నిర్ణయించదు, ప్రైమరీ ఎన్నికలో ఓటర్లే ఎంచుకుంటారు. మన దగ్గర టికెట్ కోసం నాయకుల ఇళ్ల ముందు పడిగాపులు పడతారే, అక్కడ ఆ పడిగాపులు ఓటర్ల గుమ్మాల ముందు పడాలి. ఎవరి ప్రైమరీలో ఎవరు ఓటేయాలో తేల్చడానికి ఓటరు మీద ప్రభుత్వమే ఒక చీటీ అంటించి పెడుతుంది.

ఆ చీటీకి పైసా ఖర్చు లేదు. చందా లేదు, కార్డు లేదు, ‘నువ్వు మా పార్టీ వాడివి కావు పో’ అనే అధికారం ఎవరికీ లేదు. ఇక బ్యాలెట్ చూస్తే చాంతాడంత ఉంటుంది. అధ్యక్షుడు, సెనేటరు, గవర్నరు, ఆపైన నార్త్ కరోలినాలో షెరీఫ్, జడ్జీలు కూడా పార్టీ పేరుతోనే పోటీ చేస్తారు. అన్ని పేర్లు ఎవరికి తెలుస్తాయి? పార్టీ పేరు చూసి గీసుకుంటూ పోతారు. ఇలా నాలుగు ఎన్నికలు గడిచేసరికి ‘నేను డెమొక్రాట్లకి ఓటేస్తాను’ అనేది ‘నేను డెమొక్రాట్‌ని’ అయిపోతుంది. మొదటిది చేసే పని, రెండోది మనిషి. అమెరికన్లు ఎక్కువగా రెండో మాటే వాడతారని మీరే గమనించి ఉంటారు.

బ్రిటన్‌లో పార్టీ అంటే ఏటా చందా కట్టి చేరే సంఘం. కార్డు ఇస్తారు, నియమాలు తప్పితే బయటికీ పంపిస్తారు. నాయకుడి ఎన్నికలో సభ్యులకు ఓటు ఉంటుంది. 2022లో అధికారంలో ఉన్న కన్జర్వేటివ్ పార్టీ నాయకుడి ఎన్నికలో లిజ్ ట్రస్‌కి 81,326, రిషి సునాక్‌కి 60,399 ఓట్లు వచ్చాయి. నాలుగున్నర కోట్ల పైచిలుకు ఓటర్లున్న దేశానికి ప్రధానమంత్రి ఎవరో తేల్చింది ఆ లక్షన్నర లోపు మంది. (ట్రస్ ప్రధానిగా ఉన్నది 49 రోజులు. ఆ తర్వాత సునాక్‌నే తెచ్చి కూర్చోబెట్టారు.) అందువల్ల ఇక్కడ ‘ఆయన లేబర్’ అంటే చాలామందికి ముందు తోచేది చందా కట్టి, వానలో కరపత్రాలు పంచే మనిషి. మామూలు ఓటరు తనను అలా అనుకోడు. అతను ఆ ఏడాది ఒకరికి ఓటేశాడు, అంతే.

ఆ ఓటు కూడా చాలామంది అప్పిచ్చినట్టే ఇస్తారు. ‘ఈసారికి నా ఓటు వాళ్లకి అప్పిచ్చాను’ అనే మాట మీరు ఇక్కడ విని తీరతారు. లెక్కలు చూడండి. 2019 డిసెంబరులో కన్జర్వేటివ్‌లకు నూటికి దాదాపు 44 ఓట్లు, 365 సీట్లు. 2024 జూలైలో అదే పార్టీకి 24 ఓట్లు కూడా రాలేదు, సీట్లు 121. లేబర్‌కి వచ్చింది 34 శాతం లోపే, సీట్లు మాత్రం 650లో 411. రిఫార్మ్ పార్టీకి 14 శాతం ఓట్లొస్తే దక్కినవి ఐదు సీట్లు. అమెరికాలో నాలుగేళ్లలో ఒక పెద్ద పార్టీ ఓటు ఇలా సగానికి దగ్గరగా పడిపోవడం ఈ కాలంలో ఊహించలేం. అక్కడ ఒక శాతం అటు, రెండు శాతం ఇటు జరిగితే దేశం తలకిందులైపోతుంది.

మీ చుట్టుపక్కలే చూడండి. రీడింగ్ వెస్ట్ 1997 నుంచి లేబర్‌ది, 2010 నుంచి కన్జర్వేటివ్‌ది. అప్పుడు గెలిచిన అలోక్ శర్మ ఆగ్రాలో పుట్టినాయన. 2024లో రీడింగ్ సీట్లన్నీ లేబర్‌వే. పక్కనున్న వోకింగ్‌హామ్‌లో 1987 నుంచీ ఎంపీగా ఉన్న కన్జర్వేటివ్ నాయకుడు జాన్ రెడ్‌వుడ్ 2024లో నిలబడలేదు, ఆ సీటు లిబరల్ డెమొక్రాట్లు ఎగరేసుకుపోయారు. అక్కడ లేబర్ గెలవదని తెలిసిన లేబర్ అభిమాని లిబరల్ డెమొక్రాట్లకు వేస్తాడు. ‘ఇక్కడ వాళ్లకు వేస్తే ఓటు వృథా, మాకు వేయండి’ అంటూ పొడుగూ పొట్టీ గీతల బొమ్మతో లిబరల్ డెమొక్రాట్లు పంచే కరపత్రం ఈ దేశంలో పెద్ద జోకు. మీ తలుపు సందులోంచి కూడా పడుతుంది, చూడండి. ఇన్ని లెక్కలేసుకుని వేసిన ఓటు గురించి ‘మీరు లేబరా, కన్జర్వేటివా?’ అని అడిగితే ఆవిడ ఏం చెప్పాలి? ఒక్క మాటలో చెప్పేంత జవాబు బహుశా ఆవిడ దగ్గర లేదేమో.

ఇది ఒక కారణం మాత్రమే. ఇంకో రెండున్నాయి, అవి కొంచెం సున్నితమైనవి.

ఒకటి తరగతి, అంటే కార్మికుల ఇల్లా, ఉన్నవాళ్ల ఇల్లా అనే తేడా. ఒక తరం కింద దాకా ఈ దేశంలో పార్టీ అంటే తండ్రి చేసిన పని. గని కార్మికుడి ఇల్లు లేబర్, బ్యాంకు మేనేజరు ఇల్లు కన్జర్వేటివ్. ఇప్పుడా లెక్క చెదిరిపోయింది. వయసు, చదువు చూసి ఓటు చెప్పడమే సులువు. అయినా ప్రశ్నలోని పాత వాసన పోలేదు. ‘మీరు లేబరా?’ అనడంలో ‘మీ నాన్న ఏం చేసేవారు, మీరు ఏ బడిలో చదివారు?’ అనేది కూడా వినబడుతుంది. నలుగురిలో జీతం అడిగితే ఎలా ఉంటుందో అలా.

రెండోది బ్రెగ్జిట్. 2016 జూన్ 23న యూరోపియన్ యూనియన్‌లోంచి వెళ్లిపోదామని 51.9 శాతం, ఉందామని 48.1 శాతం ఓటేశారు. అప్పటిదాకా పార్టీల గురించి భుజాలు ఎగరేసి ఊరుకునే జనం, ఈ ఒక్క విషయంలో మాత్రం అచ్చం అమెరికన్లలాగే అయిపోయారు. అన్నదమ్ములు మాట్లాడుకోలేదు, పండక్కి వెళ్లడం మానుకున్నారు. పార్టీ పేరుతో కంటే ‘లీవ్’, ‘రిమెయిన్’ అనే పేర్లతోనే జనం తమను తాము గట్టిగా చెప్పుకుంటున్నారని పరిశోధకులు కూడా తేల్చారు. ఆ పుండు మానింది కానీ మచ్చ ఉంది. ఆరుగురు కూర్చున్న బల్ల దగ్గర రాజకీయం ఎత్తితే అది ఎక్కడ తేలుతుందోనని భయం. వాళ్లు ప్లేట్లలోకి చూసుకున్నది మిమ్మల్ని తప్పించుకోవడానికి కాదు. ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఉండటానికి అనుకుంటాను.

కాబట్టి ఆవిడ నొచ్చుకోలేదు. నొచ్చుకుంటే వాన గురించి మాట్లాడి ఉండేది కాదు. ఇంగ్లండ్‌లో వాన గురించి ఎత్తుకోవడమంటే ‘పర్వాలేదు, ముందుకెళ్దాం’ అని. ‘అందరూ ఒకటే’ అనడం కూడా జవాబు దాటేయడం కాదు, ఇక్కడ అదే మర్యాదైన జవాబు. మనవాళ్లు ‘ఏముందండీ, అలా నడుస్తోంది’ అంటారు చూడండి, ఆ కోవలోది. క్షమాపణ చెప్పకండి. చెబితే మళ్లీ ఆ విషయం బల్ల మీదకి వస్తుంది.

నేను లెస్టర్‌లో తొమ్మిదేళ్లున్నాను. మా అబ్బాయిది వర్జీనియా కాబట్టి ఏటా రెండు మూడు నెలలు అక్కడా గడుపుతాను. రెండు చోట్లా చూశాక నాకు తోచింది చెబుతాను. అమెరికన్ తన పార్టీని వెనకేసుకొస్తాడు. బ్రిటిష్ మనిషి తాను ఓటేసిన పార్టీని కూడా తిట్టిపోస్తాడు. లెస్టర్‌లో మా పక్కింటి పెద్దాయన ప్రతి ఎన్నికలోనూ ఒకే పార్టీకి వేసేవారు, మిగతా రోజుల్లో ఆ పార్టీనే ఏకిపారేసేవారు. మా అబ్బాయి వాళ్ల వీధిలో అలాంటి మనిషిని నేనింతవరకు చూడలేదు.

దీనికి కొంత కారణం రాజుగారు. అమెరికాలో అధ్యక్షుడే దేశానికి గుర్తు, అధ్యక్షుడే పార్టీ మనిషి. ఆయన్ని అంటే దేశాన్ని అన్నట్టు కొందరికి గుచ్చుకుంటుంది. బ్రిటన్‌లో జెండా, సలాము, గౌరవం అన్నీ రాజుకి పోతాయి. ప్రధానికి మిగిలేది తిట్లు. ప్రతిపక్షానికి ఇక్కడ అధికారికంగా ఉన్న పేరే ‘రాజుగారి విధేయ ప్రతిపక్షం’. పార్లమెంటు నడిచే రోజుల్లో బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి ప్రధాని నిలబడి మాటలు పడాల్సిందే. ఎన్నిక రాత్రి అయితే మరీ చోద్యం. 2017లో ప్రధాని థెరిసా మే తన నియోజకవర్గం మెయిడెన్‌హెడ్‌లో ఫలితం వినడానికి వేదిక ఎక్కితే, పోటీ చేసిన అభ్యర్థిగా పక్కనే నెత్తిన నల్ల బకెట్ బోర్లించుకున్న ‘లార్డ్ బకెట్‌హెడ్’ నిలబడి ఉన్నాడు. 500 పౌండ్ల డిపాజిట్ కట్టాడు, అది గల్లంతవుతుందని తెలిసే కట్టాడు. ఆ ఊరు మీకు రైల్లో పావుగంట దూరం.

అలాగని ఇక్కడ అందరూ నవ్వుకుంటూ కాలక్షేపం చేస్తారని అనుకోకండి. 2016లో జో కాక్స్, 2021లో డేవిడ్ అమెస్ అనే ఇద్దరు ఎంపీలను పట్టపగలు చంపారు. ఒకరు లేబర్, ఒకరు కన్జర్వేటివ్. ఉత్తర ఐర్లండ్‌లో పార్టీ అంటే ఇప్పటికీ చాలామందికి పుట్టిన వర్గమే. స్కాట్లండ్‌లో మొదట తేలాల్సింది దేశం విడిపోవాలా వద్దా అన్నది. నేను చెబుతున్నదంతా ఇంగ్లండ్ సంగతి.

అమెరికా గురించి కూడా మీరు షార్లెట్ వీధిని చూసి మొత్తం తేల్చేయకండి. మీ ఊళ్లో రెండు కుటుంబాలు మాటలు మానేయడం ఆ దేశంలో ఎప్పటినుంచో ఉన్నదేం కాదు. మీ పిల్లలు అవతలి పార్టీ ఇంట్లో పెళ్లి చేసుకుంటే బాధపడతారా అని 1960 ప్రాంతంలో అడిగితే అవునన్నవాళ్లు నూటికి ఐదుగురు. 2010లో అలాంటి ప్రశ్నకే రిపబ్లికన్లలో దాదాపు సగం మంది, డెమొక్రాట్లలో మూడో వంతు మంది బాధేనన్నారు. బ్రిటన్‌లోనూ ఈ మాట అడిగి చూశారు. ఇక్కడ ఇంతగా పెరగలేదు. (మన పల్నాడులో అడిగితే ఏమంటారో మీకూ నాకూ తెలుసు. అందుకే అమెరికా పద్ధతి మీకు కొత్తగా అనిపించలేదు.) అయితే ఏ పార్టీకీ చెందమని చెప్పుకునే అమెరికన్లు నూటికి నలభై మంది దాకా ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఓటు దగ్గర ఏదో ఒకవైపే మొగ్గుతారనుకోండి, అది వేరే సంగతి. మీ నార్త్ కరోలినాలోనే 2016, 2020, 2024 మూడుసార్లూ అధ్యక్ష ఎన్నికలో ట్రంప్‌దే పైచేయి. అదే రోజు జరిగిన గవర్నర్ ఎన్నికలో మూడుసార్లూ డెమొక్రాటే గెలిచారు. అంటే మీ వీధిలో బోర్డు పెట్టనివాళ్లలో కొందరు అటొకటి ఇటొకటి వేసి చప్పుడు చేయకుండా ఇంటికొచ్చారన్నమాట.

ఇప్పుడు బావగారు. ఆయన చెప్పేది పూర్తిగా తప్పని అనను. పన్నులు తగ్గించాలి, ప్రభుత్వం చిన్నదిగా ఉండాలి అనేచోట కన్జర్వేటివ్‌లూ రిపబ్లికన్లూ ఒకే పాట పాడతారు. ఆ తర్వాత దారులు చీలిపోతాయి. ప్రభుత్వ వైద్యం తీసుకోండి. ఎన్‌హెచ్‌ఎస్‌ని 1948లో మొదలుపెట్టింది లేబర్ ప్రభుత్వం. దాన్ని తీసేస్తామని చెప్పి ఓట్లడిగే ధైర్యం కన్జర్వేటివ్ నాయకులకు లేదు, ఇంకా బాగా నడుపుతామనే అంటారు. తుపాకుల మాటకొస్తే, 1996లో స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో పదహారు మంది పిల్లల్నీ టీచర్నీ కాల్చి చంపాక చేతి తుపాకుల మీద నిషేధం మొదలుపెట్టింది జాన్ మేజర్ కన్జర్వేటివ్ ప్రభుత్వం. మిగిలిన కొద్దిపాటి మినహాయింపును బ్లెయిర్ లేబర్ ప్రభుత్వం తీసేసింది. స్వలింగ వివాహ చట్టం 2013లో వచ్చింది కన్జర్వేటివ్ ప్రధాని కామెరాన్ హయాంలో. ఆయన సొంత ఎంపీల్లో అనుకూలంగా కంటే వ్యతిరేకంగా ఓటేసినవాళ్లే ఎక్కువ, లేబర్ మద్దతుతో గట్టెక్కింది. 2050 కల్లా కర్బన ఉద్గారాల లెక్క సున్నాకి తేవాలని 2019లో చట్టం చేసింది కూడా కన్జర్వేటివ్‌లే, ఇప్పుడు వాళ్లే వెనక్కి తగ్గుతున్నారు.

గర్భస్రావం సంగతి బావగారికి విడిగా చెప్పండి. అమెరికాలో ఆ ఒక్క ప్రశ్న అడిగితే మనిషి పార్టీ చాలావరకు తెలిసిపోతుంది. 2022లో గర్భస్రావానికి రాజ్యాంగ రక్షణ లేదని అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చాక మరీనూ. బ్రిటన్‌లో 1967 నాటి చట్టాన్ని ప్రవేశపెట్టింది లిబరల్ ఎంపీ డేవిడ్ స్టీల్. ఇలాంటి విషయాల్లో పార్టీలు విప్ జారీ చేయవు, ఎవరి మనస్సాక్షి వాళ్లది. పన్ను బిల్లు మీద గీత దాటితే పార్టీ నుంచి గెంటేసే దేశంలోనే దేవుడికీ ప్రాణానికీ సంబంధించిన ఓటు ఎంపీకే వదిలేస్తారు. అందుకని ఇంగ్లండ్‌లో ఒకరి పార్టీ తెలిసినంత మాత్రాన వాళ్ల ఇంట్లో ఏం నమ్ముతారో తెలియదు. అమెరికాలో సగం తెలిసిపోతుంది.

ఇక డబ్బు. బావగారి టీవీలో ఎన్నికల ఏడాది అభ్యర్థుల ప్రకటనలు అడుగడుగునా వస్తాయి, ‘అవతలివాడు వస్తే మీ పని అయిపోయినట్టే’ అని రోజంతా భయపెడతాయి. బ్రిటన్‌లో టీవీలో రాజకీయ ప్రకటనలు నిషేధం. పార్టీలకు ఉచితంగా కొన్ని నిమిషాలు ఇస్తారు, అవి రాగానే జనం టీ పెట్టుకోవడానికి లేస్తారు. ఒక్కో నియోజకవర్గంలో అభ్యర్థి ఖర్చుకి పరిమితి వేల పౌండ్లలోనే. కోపం పెంచడానికి అంత డబ్బు పోయనప్పుడు కోపం కూడా కొంచెం తక్కువే పండుతుంది. ఇది నా అభిప్రాయం. ఇప్పుడు ఫోన్లలో వచ్చేవాటికి ఆ అడ్డు లేదు కాబట్టి ఎంతకాలం ఇలా ఉంటుందో చూడాలి.

మన తెలుగువాళ్లు అటూ ఇటూ కూడా ఉన్నారు. మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అరుణా మిల్లర్ హైదరాబాద్‌లో పుట్టారు, డెమొక్రాట్. అమెరికా ఉపాధ్యక్షుడు వాన్స్ భార్య ఉష కుటుంబ మూలాలు ఆంధ్రప్రదేశ్‌లో. అమెరికాలోని భారతీయుల్లో డెమొక్రాట్ల వైపు మొగ్గు ఎక్కువే కానీ తగ్గుతోంది. కార్నెగీ సంస్థ సర్వేల్లో 2020లో బైడెన్‌కి 72 శాతం చెబితే, 2024లో హారిస్‌కి 61 శాతం చెప్పారు. బ్రిటన్‌లోనూ ఒకప్పుడు భారతీయులంటే లేబర్ ఓటే, ఇప్పుడు ఆ మాట ఎవరూ ధీమాగా అనలేరు. కాబట్టి రీడింగ్‌లో తెలుగువాళ్ల ఉగాదికి వెళ్లినప్పుడు కూడా అందరూ మీవైపే అనుకుని మాట్లాడకండి.

ఆఫీసులో ఇకముందు ఏం మాట్లాడాలంటారా? పార్టీ పేరు ఎత్తకుండా రాజకీయం ఎంతైనా మాట్లాడవచ్చు. లండన్ రైలు చార్జీ, డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం పొద్దున్నే ఎనిమిదింటికి ఫోను పట్టుకుని కూర్చోవడం, రోడ్డు మీద గుంటలు, పెరిగిన కౌన్సిల్ టాక్స్. ఇందులో ఏదైనా ఎత్తండి. అదే బల్ల, అదే ఆరుగురు, అరగంట ఆపరు. ఎవరు ఎటో మీకు కొంత అర్థమవుతుంది, పైకి ఎవరూ అడగరు. బాగా దగ్గరయ్యాక ఒకనాడు ఆవిడే చెబుతుంది. ఆరోజు కూడా ‘అవునా’ అని ఊరుకోండి.

ఎన్నికలప్పుడు పార్టీల కార్యకర్తలు తలుపు కొట్టి ‘మాకు వేస్తారా?’ అని అడుగుతారు. మీరు చెప్పింది రాసుకుంటారు. చెప్పాలని లేకపోతే ‘ఇంకా అనుకోలేదు’ అంటే సరిపోతుంది, ఇక్కడ దాన్ని అమర్యాదగా తీసుకోరు. పోలింగ్ కేంద్రం గుమ్మం దగ్గర కోటుకి రిబ్బను పువ్వు పెట్టుకున్నవాళ్లు కొందరు నిలబడి మీ ఓటరు నంబరు అడుగుతారు. నా మొదటి ఎన్నికలో వాళ్లు అధికారులనుకుని నంబరుతో పాటు పాస్‌పోర్టు కూడా తీసి చూపించాను. ఆయన పాపం కంగారుపడి ‘లోపల, లోపల’ అన్నారు. వాళ్లు పార్టీల మనుషులు, తమ ఓటర్లు ఎవరెవరు వచ్చారో లెక్క చూసుకుంటున్నారంతే. నంబరు చెప్పకపోయినా ఏం కాదు. పాస్‌పోర్టు చూపాల్సింది లోపల. 2023 నుంచి ఇంగ్లండ్‌లో ఓటుకి ఫొటో గుర్తింపు తప్పనిసరి. మన ఇండియా పాస్‌పోర్టు చెల్లుతుంది. పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాకా టైముంటుంది కాబట్టి ఆఫీసయ్యాక వెళ్లినా సరిపోతుంది. మెషీన్ కోసం వెతకకండి. కాగితం, దానికో పెన్సిలు ఉంటాయి.

బావగారికి ఒక్క ముక్క మాత్రం గ్రూపులో పెట్టండి: అమెరికాలో ఎరుపు రిపబ్లికన్లది అనేది 2000 ఎన్నికలప్పుడు టీవీ మ్యాపులతో స్థిరపడిన లెక్క, బ్రిటన్‌లో ఎరుపు ఎప్పటినుంచో లేబర్‌ది. 2024 జూలైలో ఆయన సంబరపడిన ఆ ‘రెడ్ వేవ్’లో ఓడిపోయింది కన్జర్వేటివ్‌లు.